నోటుపుస్తకము కాలప్రణాళిక కాగలదా?

నేటి విద్యార్థి చేతిలో ఒక ఫోను, ఆ ఫోనులో ఒక వర్క్‌స్పేస్ యాప్ ఉండుట సామాన్య విషయమైనది. తరగతిలో విన్న పాఠము, సమావేశములో జరిగిన చర్చ, కొనవలసిన సామగ్రి, సభ్యుల చిరునామాలు, చందాల లెక్క, అన్నిటికిని అదియే తావు. 2016వ సంవత్సరములో వెలువడిన నోషన్ వంటి యాప్‌లు ఈ అలవాటును దేశదేశములందు వ్యాపింపజేసినవి. ఒకే పుటపై వ్యాసము వ్రాయవచ్చును, పట్టిక గీయవచ్చును, చిత్రము నతికించవచ్చును, పదిమందితో పంచుకొనవచ్చును. ఈ సౌకర్యమును మేము కాదనుట లేదు. కాగితములు పోగొట్టుకొను కార్యదర్శులకు ఇది వరమే.

అయితే ఈ మధ్య కళాశాలలలో మరియొక అలవాటు బలపడుచున్నది. చివరి సంవత్సరపు ప్రాజెక్టు కానిండు, వార్షికోత్సవము కానిండు, వార్షిక సంచిక కానిండు, ఆ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియవలెనో తెలుపు షెడ్యూలును కూడ ఆ యాప్‌లోనే వ్రాయుచున్నారు. పని పేరు ఒక గడిలో, తేదీ రెండవ గడిలో, బాధ్యుని పేరు మూడవ గడిలో. పట్టిక ముచ్చటగా నుండును, రంగులుండును, అందరును తృప్తి చెందుదురు. గడువు మాత్రము తప్పుచునే యుండును. దీనికి విద్యార్థుల సోమరితనము కారణమని పెద్దలు, పెద్దల జాప్యము కారణమని విద్యార్థులు చెప్పుకొనుట పరిపాటి. మూడవ కారణ మొకటి కలదనియు, అది మనము ఎన్నుకొన్న సాధనములోనే యున్నదనియు మా అభిప్రాయము.

షెడ్యూలు అనగా తేదీల జాబితా అని చాలమంది తలంపు. పూర్వులు అట్లు తలంపలేదు. పోలండు దేశపు ఇంజనీరు కరోల్ అడమియెత్స్కీ 1896లోనే, ఒక పని మరియొక పనిపై ఎట్లు ఆధారపడియున్నదో చూపు పటమును రూపొందించెను. అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ 1910 తరువాతి సంవత్సరములలో ప్రచారములోనికి తెచ్చిన అడ్డగీతల పటము నేటికిని ఆయన పేరుతోనే పిలువబడుచున్నది. 1957లో డ్యూపాంట్ కంపెనీకి చెందిన మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ కంపెనీకి చెందిన జేమ్స్ కెల్లీ కలిసి క్రిటికల్ పాత్ పద్ధతికి రూపమిచ్చిరి. మరుసటి సంవత్సరము అమెరికా నౌకాదళము పొలారిస్ క్షిపణుల నిర్మాణము కొరకు పెర్ట్ అను పద్ధతిని సిద్ధపరచెను. మన వాణిజ్యశాస్త్ర, గణితశాస్త్ర విద్యార్థులు ఆపరేషన్స్ రీసెర్చ్ పాఠములలో వీనిని చదువుచునే యున్నారు. లెక్కలు చేసి మార్కులు తెచ్చుకొనుచునే యున్నారు. పరీక్ష ముగిసిన మరునాడు తమ సొంత పనికి ఆ లెక్కను వాడువారు మాత్రము అరుదు.

ఈ పద్ధతులన్నిటి సారము ఒక్కటే. ముగింపు తేదీని మనము వ్రాయము. అది లెక్కలో తేలును. మనము చెప్పవలసినవి రెండే. ఏ పనికి ఎన్ని దినములు పట్టును? ఏ పని ముగిసిన పిమ్మట ఏ పని మొదలు కాగలదు? ఈ రెండును నిజాయితీగా చెప్పినచో చివరి తేదీ తనంత తాను బయటపడును. అది మనకు నచ్చకపోవచ్చును. నచ్చని తేదీని ముందుగానే మన ముఖము మీద చెప్పుటయే షెడ్యూలు చేయు మేలు. నోటుపుస్తకమునకు ఆ శక్తి లేదు. మనమేమి వ్రాసినను అది ఒప్పుకొనును. ముద్రణ 10వ తేదీన ముగియుననియు, ప్రూఫులు 12వ తేదీన దిద్దుదుమనియు వ్రాసినను అది కిమ్మనదు.

ఇట్టి సంచికనే ఉదాహరణగా తీసికొందము. ఉర్దూ పుటలు కుడివైపు నుండి, తెలుగు పుటలు ఎడమవైపు నుండి మొదలై నడుమ కలిసికొను సంచికలో పని రెండు పాయలుగా సాగును. రచనల సేకరణకు 20 దినములు పట్టుననుకొందము. తెలుగు విభాగములో ఎంపికకు 6 దినములు, డి.టి.పి. కూర్పునకు 8 దినములు, ప్రూఫులకు 5 దినములు. ఉర్దూ విభాగములో ఎంపికకు 8 దినములు, ఇన్‌పేజ్‌లో నస్తాలీఖ్ లిపి కూర్పునకు 12 దినములు, ప్రూఫులకు 7 దినములు. రెండును ముగిసిన తరువాతనే పుటల అమరిక, 4 దినములు. పిదప ముద్రణ 8 దినములు. చివరకు బైండింగు 4 దినములు. 16 పుటల ఫారములుగా అచ్చగు పుస్తకమునకు రెండు విభాగముల పుటలసంఖ్యయు తేలనిదే కాగితము లెక్క కట్టలేరు. కావున ఒక పాయ మరియొక పాయ కొరకు నిరీక్షింపక తప్పదు.

ఇప్పుడు కూడి చూడుడు. సేకరణతో కలిపి తెలుగు పాయ 39 దినములకు ముగియును; ఉర్దూ పాయ 47 దినములకు ముగియును. ఆపైన 16 దినములు. మొత్తము 63 దినములు. ఈ చిన్న కూడిక మనకు మూడు సంగతులు చెప్పుచున్నది. 63 దినములకు ముందు సంచిక రాదు, ఎవరెంత ఉత్సాహముగా వాగ్దానము చేసినను రాదు. తెలుగు విభాగమునకు 8 దినముల వెసులుబాటు కలదు. ఆ ఎనిమిది దినములలోపు ఆలస్యము ఎవరికిని హాని చేయదు. ఉర్దూ విభాగమునకు ఒక్క దినము వెసులుబాటు లేదు. అచ్చట ఒక దినము పోయినచో సంచికకు ఒక దినము పోవును. పాఠ్యపుస్తకములు క్రిటికల్ పాత్ అనునది దీనినే.

ఇదే సమాచారమును యాప్‌లో తేదీల గడులుగా వ్రాసినప్పుడు ఏమి కనబడును? తెలుగు ప్రూఫులు రెండు దినములు ఆలస్యమైనచో ఒక ఎర్ర గుర్తు. ఉర్దూ కూర్పు రెండు దినములు ఆలస్యమైనచో ఇంకొక ఎర్ర గుర్తు. రెండును ఒకే ఎరుపు. మొదటిది నిరపాయము, రెండవది సంచికకే ముప్పు, అని ఆ పట్టిక చెప్పజాలదు. అంతకన్న విచారకరమైన సంగతి వేరొకటి కలదు. ఉర్దూ విభాగము ఎప్పుడును వెనుకబడుచున్నదని ఒకరు, తెలుగువారు తమ పని మాత్రము చూచుకొని కూర్చున్నారని ఇంకొకరు నిష్ఠూరములాడుకొందురు. నస్తాలీఖ్ లిపిలో అక్షరములు ఏటవాలుగా ఒకదానిపై నొకటి వ్రాలుచు సాగును. ఒకప్పుడు కాతిబులు చేతితో వ్రాసిన ఆ లిపిని తెరపై కూర్చుటకును, దిద్దుటకును ఎక్కువ దినములు కేటాయించుట న్యాయమే. అది ఎవరి లోపమును కాదు. సరియైన షెడ్యూలు కంటి ముందున్నచో, తెలుగు విభాగమున ఉర్దూ కూడ చదువనేర్చిన ఇద్దరు మిత్రులు తమ వెసులుబాటు దినములలో అటు వెళ్ళి చేయూత నిత్తురు. ఉర్దూ ప్రూఫులు 7 దినములకు బదులు 4 దినములలో ముగిసినచో సంచిక 60 దినములకే చేతికి వచ్చును. నిష్ఠూరము సహాయముగా మారుటకు ఒక కూడిక చాలును. ఆ కూడిక చేయని సాధనము మన మధ్య అపార్థములను పెంచుచున్నదన్నచో అతిశయోక్తి కాదు.

ఇచ్చట యాప్‌ల పక్షమున చెప్పదగిన మాట చెప్పుట న్యాయము. అవి మొదటినుండి నేటివరకు ఒకే తీరున లేవు. నోషన్‌లో 2022 డిసెంబరు నుండి ఒక పనిని మరియొక పనికి ముడివేయు ఏర్పాటు కలదు; ముందు పని జరిగినచో వెనుక పని తేదీలు కూడ జరుగునట్లు చేసికొనవచ్చును. ఇది మేలైన మార్పే. కాని ముడి వేయుట వేరు, లెక్క తేల్చుట వేరు. ఏ పనికి ఎంత వెసులుబాటున్నది, ఏ వరుస పనులు చివరి తేదీని శాసించుచున్నవి అను ప్రశ్నలకు ఆ ముడి సమాధానము చెప్పదు. పైగా తేదీలు నిశ్శబ్దముగా వెనుకకు జరిగిపోవుటలో ఒక అపాయము కలదు. నెల దినముల క్రిందట మనము ఇచ్చిన మాట ఏమి? నేటి తేదీ ఏమి? ఈ రెంటికిని ఎంత దూరము? షెడ్యూలు కొరకే నిర్మించిన సాధనములలో మొదటి ప్రణాళికను భద్రపరచి, నేటి స్థితిని దాని ప్రక్కన నిలుపు ఏర్పాటు ఉండును. వర్క్‌స్పేస్ యాప్‌లో మనమే వేరొక గడి కల్పించి వ్రాసికొననిచో మొదటి మాట చెరిగిపోవును. నోషన్‌ను ఉచితముగా వాడువారికి పుటయొక్క పాత రూపములు 7 దినముల వరకే లభించును. మొదటి మాట చెరిగిన చోట ఎవరును ఆలస్యము చేసినట్లు కనబడరు. పని మాత్రము ఆలస్యమగును.

రెండవ లోపము సెలవులకు సంబంధించినది. మన వంటి కళాశాలలకు ఇది ముఖ్యము. 63 దినములనగా 63 పనిదినములు. పనిదినమేదో సాధనమునకు తెలియవలెను. శని ఆదివారములను దాటవేయు ఏర్పాటు నోషన్‌లో కలదు. కాని అనేక కళాశాలలకు శనివారము పనిదినమే. శుక్రవారము జుమా నమాజు వేళ, సంక్రాంతి, దసరా, ఉగాది, రంజాన్, బక్రీద్ దానికి తెలియవు. అందును హిజ్రీ సంవత్సరము మనము వాడు సంవత్సరము కన్న సుమారు 11 దినములు చిన్నది. కావున పండుగలు ఏటేట ముందునకు జరుగుచుండును. హైదరాబాదులో ఈదుల్ ఫిత్ర్ 2024లో ఏప్రిల్ 11న వచ్చినది, 2025లో మార్చి 31న వచ్చినది. 2025లో రంజాన్ మాసము దాదాపు మార్చి నెల అంతటను పరచుకొన్నది. అది ప్రాజెక్టు నివేదికలు సిద్ధము చేసికొను కాలము కదా! గత సంవత్సరపు పుటకు నకలు తీసి, సంవత్సరము అంకెను మాత్రము దిద్ది, ఇదిగో ఈ ఏటి షెడ్యూలు అని పంచుట యాప్‌లో రెండు నిమిషముల పని. ఉపవాసముండు విద్యార్థి సాయంకాలములను, ఊరికి వెళ్ళు విద్యార్థి పండుగ దినములను ఆ నకలు ఎరుగదు. ఫలితముగా, ఎవరును పని చేయలేని దినములు పనిదినములుగా లెక్కింపబడును.

మూడవది మనుష్యుల భారము. రెండు భాషలు తెలిసినవాడు, చక్కని చేతివ్రాత గలవాడు, కంప్యూటరు ఎరిగినవాడు ప్రతి కళాశాలలోను కొందరే యుందురు. ఎంపికలో వారి పేరే, ప్రూఫులలో వారి పేరే, వార్షికోత్సవపు ఆహ్వానపత్రికలోను వారి పేరే. పట్టికలో పేరును నాలుగు గడులలో వ్రాయుటకు యాప్ అభ్యంతరము చెప్పదు. ఒకే దినమున ఒకే విద్యార్థి మూడు పనులపై నున్నాడని హెచ్చరించు సాధనము వేరు. ఆ హెచ్చరిక లేనిచోట మంచి విద్యార్థి అలసిపోవును. తన చదువు చెడుచున్నదని ఇంటివారు కోపగింతురు. మరుసటి సంవత్సరము వాడు సంచిక వంకకే రాడు. ఈ నష్టము ఏ పట్టికలోను కనబడదు.

నాలుగవ లోపము వారసత్వమునకు సంబంధించినది. వర్క్‌స్పేస్ యాప్‌లో షెడ్యూలు సిద్ధముగా నుండదు. దానిని ఎవరో ఒకరు నిర్మింపవలెను. ఒక ఉత్సాహవంతుడు రాత్రులు కూర్చుండి పట్టికలు ముడివేయును, సూత్రములు వ్రాయును, ప్రతి పుటకు బొమ్మ పెట్టును. ఆ నిర్మాణ రహస్యము వానికొక్కనికే తెలియును. వేసవిలో వాడు డిగ్రీ పుచ్చుకొని వెళ్ళిపోవును. తరువాతి వారికి మిగులునది తెరచిన తెరువగూడని, ముట్టిన చెడిపోవు ఒక పుట. మూడేండ్లకు ఒకసారి మనుష్యులందరు మారిపోవు కళాశాలకు, నిర్మించినవాడు లేనిదే నడువని సాధనము తగదు. దానికి తోడు, పుటను అలంకరించుటలో గడచిన గంటలు పనిలో గడచినట్లు తోచుట ఒక భ్రమ. పందిరికి తోరణములు కట్టినంత మాత్రమున వంట కాదు.

చిన్న పనులకు ఇంత లెక్క ఎందుకని కొందరు మిత్రులు అడుగవచ్చును. నిజమే. ఒక వక్తను పిలిచి సభ జరుపుటకు జాబితా చాలును. అట్టి వానికి యాప్ హాయిగా పనికివచ్చును. ఒక పని ఆగినచో ఇంకొక పని ఆగు చోట, ఇద్దరు ముగ్గురు బయటివారు మన కొరకు వేచియుండు చోట మాత్రము జాబితా చాలదు. షెడ్యూలు సాధనములు ఖరీదైనవని వేరొక ఆక్షేపణ. అన్నియు అట్టివి కావు. గాంట్‌ప్రాజెక్ట్ 2003 నుండి, ప్రాజెక్ట్‌లిబ్రె 2012 నుండి ఉచితముగా లభించుచున్నవి. గాంట్‌ప్రాజెక్ట్‌లో క్రిటికల్ పాత్ గుర్తింపవచ్చును, సెలవులను ముందుగా నమోదు చేయవచ్చును, మొదటి ప్రణాళికను భద్రపరచి పోల్చవచ్చును. ఇవి ఫోనుకు గాక కంప్యూటరుకు ఉద్దేశింపబడినవి. ప్రతి విద్యార్థికిని ఇంటిలో కంప్యూటరు లేదన్నమాట వాస్తవము. కాని షెడ్యూలును దిద్దువారు ఒకరిద్దరే. కళాశాలలోని ఒక కంప్యూటరుపై దిద్ది, కాగితముపై అచ్చుతీసి, నోటీసు బోర్డుపై అంటించినచో ఫోను లేనివాడును చదువగలడు. కంప్యూటరు కూడ దొరకనిచో గ్రాఫు కాగితము, పెన్సిలు చాలును. గాంట్ నాటికి కంప్యూటరు లేదు గదా!

కావున విద్యార్థి మిత్రులకును, కమిటీ పెద్దలకును మా సూచనలు ఇవి. సమావేశపు వివరములు, రచనల జాబితా, లెక్కపత్రములు యాప్‌లోనే యుండనిండు. షెడ్యూలును మాత్రము వేరు చేయుడు. ప్రతి పనికిని ఎన్ని దినములు, దేని తరువాత, ఎవరి బాధ్యత అను మూడు మాటలు వ్రాసిన పిదపనే తేదీ లెక్కింపుడు. ఆ పని చేయబోవువానిని అడుగకుండ దినములు నిర్ణయింపకుడు. ప్రెస్సువారి దినములు ప్రెస్సువారే చెప్పవలెను. మొదటి తేదీని చెరుపక, మారిన తేదీని దాని ప్రక్కన ఎర్రసిరాతో వ్రాయుడు. వారమునకు ఒకసారి పావుగంట సేపు అందరును ఆ కాగితము ముందు నిలిచి చూచుకొనుడు.

కమిటీ వారికి సవినయముగా ఇంకొక మాట. కాగితము కొనుటకు మంజూరు, ప్రెస్సువారికి ఇచ్చు బయానా, సందేశముల సేకరణ, చివరి ప్రూఫుపై సంతకము, ఇవియును పనులే. వీనికిని దినములు పట్టును. విద్యార్థుల పనులు మాత్రము షెడ్యూలులో నుండి పెద్దల పనులు అందులో లేనిచో ఆ లెక్క అసంపూర్ణమగును. ఒక సంతకము అయిదు దినములు బల్లపై నున్నచో ఆ అయిదు దినములు ఎచ్చటినుండియో రావలెను గదా! మరుసటి విద్యాసంవత్సరపు సెలవుల పట్టికను, ప్రాజెక్టు నివేదికల గడువును సంవత్సరారంభముననే ప్రకటించి, తమ పనులకును తేదీలు వేయించుకొన్నచో విద్యార్థులకు అంతకన్న మంచి పాఠము వేరొకటి ఉండదు.

ఇంతకును గడువు తప్పినప్పుడు నష్టపడునది ఎవరు? మొదట ఆలస్యము చేసినవాడు కాదు. వరుసలో చివర నిలిచినవాడు. రచన ఆలస్యముగా ఇచ్చినవాడు హాయిగా నిద్రించును; ఎనిమిది దినముల పనిని నాలుగు దినములలో చేయుమని ప్రెస్సులోని కార్మికుని తొందరపెట్టుదురు; బైండరు రాత్రి మేలుకొనును. ప్రాజెక్టులో సర్వే చేయవలసినవాడు నెల దినములు గడపినచో, నివేదిక వ్రాయవలసిన విద్యార్థినికి మూడు దినములే మిగులును. మార్కులు తగ్గునది ఆమెకు. షెడ్యూలు అనునది ఈ అన్యాయమును ముందుగా బయటపెట్టు పత్రము. ఎవరి ఆలస్యము ఎవరి మీద పడునో అది పేరు పెట్టి చూపును. అందుచేతనే దానిని ఏది వ్రాసినను ఒప్పుకొను నోటుపుస్తకమునకు అప్పగింపరాదని మా వాదము.

ఏ రోటి కాడ ఆ పాట పాడవలెనని పెద్దలందురు. వర్క్‌స్పేస్ యాప్‌ను వ్రాతపనికి వాడుకొందము. కాలమును లెక్కించు పనిని ఆ లెక్క వచ్చిన సాధనమునకే విడుతము. రాబోవు సంచిక పని మొదలగుటకు పూర్వమే ఈ విషయమును కమిటీ పెద్దలును, రెండు విభాగముల మిత్రులును కలిసి ఆలోచింతురని ఆశించుచున్నాము.